బ్రైడీగారి చావింట్లో రాలిన శిలువలు

నవ్వకుండా వింటానంటేనే చెప్తాను. మొన్న నేనొక చావింట్లో శవపేటిక కింద దూరాను. అదీ తెల్లచీర కట్టుకుని.

పోయినావిడ మా పక్కింటి బ్రైడీగారు. ఐర్లండ్ వచ్చి, ఈ వాటర్‌ఫోర్డ్‌ ఊళ్లో మేం అద్దెకు దిగిన రోజు మొదట తలుపు కొట్టి పలకరించిన మనిషి. నేను హాస్పిటల్లో నైట్ డ్యూటీలు చేస్తుంటే మా గ్రేస్ సగం ఆవిడ దగ్గరే పెరిగింది. దానికి లేసు అల్లడం నేర్పింది కూడా ఆవిడే. తంటా అంతా అక్కడే వచ్చింది.

గ్రేస్‌కి ఇప్పుడు పదహారేళ్లు. గాథిక్ లోలిటా అని జపాన్ నుంచి వచ్చిన ఫ్యాషన్ ఒకటుందిలెండి, దానికా పిచ్చి. నల్ల గౌను, గొడుగులా విచ్చుకున్న కుచ్చిళ్లు, తల మీద నల్ల లేసు ముసుగు, నడుముకి జపమాల. గౌను అంచు చుట్టూ తెల్ల లేసు శిలువలు. మనమా, మెడలో చిన్న శిలువ వేసుకోవాలన్నా పదిసార్లు ఆలోచించే బాప్టిస్టులం. "దేవుడి గుర్తు మోకాళ్ల దగ్గర వేలాడ్డమేంటే?" అంటే, "ఇట్స్ జస్ట్ బ్యూటిఫుల్, మామ్" అంటుంది. నాకు ఒళ్లు మండుతుంది.

ఆ రోజు పొద్దున చూస్తే, చావింటికి వేసుకోవడానికి అదే గౌను ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టుకుంది. వీధి వీధంతా వస్తుంది. ఫాదర్ వస్తారు. మా పాస్టరమ్మగారూ వస్తానన్నారు. పిల్ల స్నానానికెళ్లగానే చిన్న కత్తెర పట్టుకుని కూర్చున్నాను. కుట్లు తెంపి లాగితే శిలువలన్నీ సుబ్బరంగా ఊడొచ్చాయి. బానే ఉంది, ఇప్పుడు వీటినేం చెయ్యాలి? బిన్‌లో వెయ్యడానికి చెయ్యి రాలేదు. శిలువని చెత్తలో ఎలా పడేస్తాం? పాస్టరమ్మగారిని అడుగుదాంలే అని టిష్యూలో చుట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను.

గ్రేస్ వచ్చింది. గౌను చూసింది. అరుస్తుందనుకున్నాను. "గ్రాండ్" అని, అంటే ఇక్కడివాళ్ల భాషలో సరేలే అని, తొడుక్కుంది. ఇంకో మాట లేదు. అరిచినా బాగుండేది.

ఇక్కడి చావిళ్లు తెలుసుగా. ముందుగదిలో మూత తీసిన పెట్టె, చుట్టూ కుర్చీలు, వంటింట్లో శాండ్‌విచ్‌లు. నిద్రపోతున్నట్టుంది అంటున్నారందరూ. నాకలా అనిపించలేదు. చచ్చిపోయినట్టే ఉంది. రోజూ చావులు చూసే నర్సుని, నేనే చూపు తిప్పుకున్నాను. ఆవిడ కూతురు షివాన్ గ్రేస్‌ని వాటేసుకుని, గౌను అంచు చూసి ఆగిపోయింది.

"క్రాసెస్ ఏవి, లవ్?"

గ్రేస్ నేల చూపులు చూసింది. నన్ను పట్టివ్వలేదు.

షివాన్ నా వైపు తిరిగింది. "అమ్మ ఆఖరుగా అల్లినవి అవే, సలోమీ. చేతులు వణుకుతున్నా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తనని సాగనంపే రోజు ఆ గౌనులోనే రావాలని పిల్ల దగ్గర మాట తీసుకుంది."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే ఎవరైనా టిష్యూ తీస్తారు. నేనూ తీశాను. ఏ టిష్యూయో మీకు చెప్పక్కర్లేదు.

శిలువలన్నీ గదినిండా రాలాయి. ఇండియావాళ్ల ఆచారం అనుకున్నారు కాబోలు, ముసలమ్మలు వంగి తలా ఒకటి తీసుకుని ముద్దుపెట్టుకున్నారు. ఒకావిడ "లవ్లీ థాట్" అంటూ పర్సులో వేసుకుంది. అవి మా అమ్మాయి స్కర్టువండీ అని ఎలా చెప్పను? కింద పడ్డవైనా ఏరుకుందామని మోకాళ్ల మీద పాకుతూ పెట్టె కిందికి దూరాను. సరిగ్గా అప్పుడే ఫాదర్ లోపలికొచ్చారు. నేల మీద తెల్లచీరలో నన్ను చూసి ఆయన మనసు కరిగిపోయింది. "ఈవిడతో పాటు మనమూ మోకరిద్దాం" అన్నారు.

గదంతా మోకరించింది. రోజరీ, అదే క్యాథలిక్కుల జపమాల ప్రార్థన, మొదలైంది. నాకందులో ఒక్క ముక్క రాదు. అదెంతసేపు సాగుతుందో ఆ రోజే తెలిసింది. అందరూ కళ్లు మూసుకుంటే నేను ఒక చేత్తో తివాచీ తడుముతూ శిలువలు ఏరుతున్నాను. తలెత్తితే పెట్టె అవతల గ్రేస్, నన్నే చూస్తోంది. నల్ల ముసుగులో నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

ప్రార్థన అయ్యాక సిగ్గు విడిచి ఒక్కొక్కరినీ అడిగి మిగతావి వెనక్కి తీసుకున్నాను. ఒకటి మాత్రం షివాన్ అప్పటికే వాళ్లమ్మ వేళ్ల మధ్య పెట్టేసింది.

"దాన్ని ఉండనీ, మామ్," అంది గ్రేస్. గ్రాండ్ తర్వాత నాతో అన్న మొదటి మాట అదే.

బయట పెట్టెని తీసుకెళ్లే కారు వచ్చేసింది. బ్రైడీగారి సూదిదారం డబ్బా అడిగి తీసుకుని, వంటింట్లో పిల్లని నిలబెట్టి, దాని చుట్టూ మళ్లీ మోకాళ్ల మీదే తిరుగుతూ కుట్టాను. ఒంటి మీదున్న బట్ట కుట్టకూడదంటారు. ఆ రోజు ఏది కూడదో చూసుకునే స్థితిలో లేను. పెట్టె వెనకాల మా గ్రేస్ శిలువల గౌనులోనే నడిచింది. ఇచ్చిన మాట దక్కింది.

చర్చి మెట్ల దగ్గర పాస్టరమ్మగారు నా చెవిలో, "సలోమీ, పిల్ల గౌనుకి ముందున్న ఆ శిలువ తలకిందులుగా ఉందేంటమ్మా?" అన్నారు.

చూస్తే నిజమే. ఇన్నాళ్లూ దెయ్యాల ఫ్యాషన్ అని పిల్లని తిట్టింది నేను. ఆ గౌను మీద దెయ్యాల శిలువంటూ ఒకటుంటే అది కుట్టిందీ నేనే.

ఇంటికి రాగానే విప్పి సరిగ్గా కుడదామని కత్తెర తీశాను. గ్రేస్ గౌను వెనక్కి లాక్కుంది.

"వద్దు. దట్ వన్ ఈజ్ యువర్స్, మామ్."

నా చేతిలోంచి కత్తెర తీసుకుని, వంటింటి అల్మరాలో అన్నిటికన్నా పై అరలో పెట్టింది. నాకు అందకుండా.