చప్పుడు లేని క్యాసెట్

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం, బొంబాయి బస్సు జహీరాబాద్‌లో ఆగితే ఇరానీ హోటల్లో చాయ్‌కి దిగాను. గల్లా మీద టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ తిరుగుతోంది కానీ చప్పుడు లేదు. వాల్యూమ్ పెంచబోయాను.

"జర ఆగుండ్రి సాబ్," అన్నాడు గల్లా దగ్గరి ముసలాయన. "మా ఇరాన్ల పాటల తీరే మార్చినామె గొంతు అది. ఇప్పుడక్కడ ఆడోళ్లు పాడొద్దన్నరు. బతికే ఉంది, ఇంట్ల గమ్మున కూసుంది. ఆమె మల్ల పాడేదాంక నేను వినను."

"మరి ఎందుకు తిప్పుతున్నారు?"

"తిప్పకుంటే టేపుకు బూజు వడ్తది."

క్యాసెట్ ఆగింది. ఆయన రెండో వైపు పెట్టాడు. అదీ చప్పుడు లేకుండానే తిరగసాగింది. కాసేపటికి చూస్తే, ఎదురు బల్ల దగ్గర లారీ డ్రైవర్ వేళ్లతో తాళం వేస్తున్నాడు. నా వేళ్లూ అదే తాళంలో కదులుతున్నాయి.