పెద్దమ్మ రాని ఆదివారాలు

మొన్న ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వస్తున్న బస్సులో నా పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి ఫోనులో ఏదో అంతరిక్షం కథ చూస్తూ, టీవీలో వచ్చే భాగాలు చూస్తే సగమే తెలుస్తుందనీ, మధ్యమధ్య నెట్‌లో విడిగా పెట్టే చిన్న వీడియోలు కూడా చూస్తేనే కథంతా అర్థమవుతుందనీ స్నేహితురాలికి ఉత్సాహంగా చెబుతుంటే, నేను మొహం తిప్పుకుని కిటికీలోంచి చేలవైపు చూస్తూ ఉండిపోయాను. అలాంటి చిన్న వీడియోలు మన తెలుగు టీవీకి కొత్తగా వచ్చిన రోజుల్లో వాటికి మాటలు రాసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. నలుగురిలో చెప్పుకోదగ్గ సంగతే గానీ, నేనింతవరకూ ఎక్కడా గొప్పగా చెప్పుకోలేదు.

అప్పట్లో హైదరాబాదులో ఒక ఛానల్‌లో పనిచేసేదాన్ని. భూమ్మీద నీళ్లు ఎండిపోతే కొందరు వేరే గ్రహానికి వెళ్లిపోయే కథ ఒకటి ఆదివారం సాయంత్రాలు సీరియల్‌గా వచ్చేది. అట్టముక్కల ఓడ, థర్మోకోల్ కొండలు, వెండిరంగు రెక్సిన్ బట్టలు, ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది గానీ గూడెంలో మా అమ్మ మాత్రం ఒక్క వారం వదలకుండా చూసి, చివర్లో పేర్లు పడేటప్పుడు నా పేరు చదువుకునేవరకూ లేచేది కాదు. ఆ సీరియల్ నడుస్తుండగా మా పైఅధికారి ఒకాయన, విదేశాల ఛానళ్లు ఇలాంటి కథలకి వెబ్‌సైట్లలో ఐదేసి నిమిషాల వీడియోలు పెట్టి వారమంతా జనాన్ని కథలోనే ఉంచుతున్నాయని ఎక్కడో విని వచ్చి, మనమూ చెయ్యాలన్నాడు. ఫోనులో వీడియో చూసే రోజులు ఇంకా రాలేదు. ఊళ్లలో ఇంటర్నెట్ అంటే గంటకింతని ఇచ్చి సెంటరులో కూర్చోవడమే. అయినా ఒక కెమెరా, నలుగురు మనుషులూ ఇచ్చి, భూమ్మీద మిగిలిపోయినవాళ్ల కథలు తియ్యమన్నారు.

ఎండిన నేల కావాలని డైరెక్టరు అడిగితే, నేనే గొప్పగా కొల్లేరు పేరు చెప్పాను. ఎండాకాలంలో అక్కడి నేల పెంకుల్లా విచ్చుకుని, చివర ఎక్కడో ఒక చారలా నీళ్లు మెరుస్తూ, ఏ గ్రహమన్నా నమ్మేటట్టుంటుంది. అది మా అమ్మ పుట్టిన చోటు. అమ్మకి ఒక్కగానొక్క అక్క, మా పెద్దమ్మ, ఆ సరస్సులోని లంక ఊళ్లలోనే కాపురముండేది. కానీ అప్పటికి మూడేళ్లుగా ఆ అక్కచెల్లెళ్లకి మాటల్లేవు. మా నాన్న సర్వే ఆఫీసులో ఉద్యోగి. సరస్సును ఆక్రమించి తవ్విన చేపల చెరువుల గట్లు కొట్టేయాలని పైనుంచి ఆర్డరు వచ్చినప్పుడు, పెద్దనాన్న చెరువు దగ్గర కొలతల గొలుసు పట్టుకుని నిలబడాల్సిన వంతు నాన్నకే పడింది. ఆ గట్టు మీద, ఊరందరి ఎదుటా, "ఆ గొలుసుతో మా మెడలకే ఉరేసెయ్ మరిదీ" అంది పెద్దమ్మ. నాన్న ఇంటికొచ్చి అన్నం దగ్గర కూర్చుని తినకుండానే లేచిపోయారు. అది చూసిన అమ్మ, ఇక ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. నాన్న ఆ మాట ఎప్పుడో మరిచిపోయారు, అమ్మ మరవలేదు.

అందుకే షూటింగు కోసం కొల్లేరు వెళ్తున్నట్టు అమ్మకి చెప్పలేదు. అక్కడ పెద్దమ్మ మాత్రం నన్ను చూడగానే పాత సంగతులేవీ ఎత్తకుండా, యూనిట్ అందరికీ బిందెడు మజ్జిగ చేసి తెచ్చింది. ఆ పూట నటించాల్సిన ఆవిడ వడదెబ్బ తగిలి ఏలూరు లాడ్జిలో పడుకుంది. ఏంచేయాలో తోచక తల పట్టుకున్న డైరెక్టరు, మజ్జిగ పోస్తున్న పెద్దమ్మ మొహాన్ని అలా చూస్తూ ఉండిపోయి, ఈవిడే కావాలన్నాడు. పెద్దమ్మ నవ్వి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలాసేపు కుదరదంది. తరవాత నన్ను కిక్కిస గడ్డి వైపు పక్కకి తీసుకెళ్లింది.

"టీవీలోనే వత్తాది కదమ్మా? మీ అమ్మ చూసే దాంట్లోనే?"

పొద్దు వాలిపోతోంది. ఇది టీవీలో రాదు, కంప్యూటర్లోనే వస్తుంది అంటే ఆవిడ ఒప్పుకోదని నాకు తెలుసు. "అవును పెద్దమ్మా" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నేను ఎంతోసేపు ఆలోచించలేదు కూడా.

నేను రాసిచ్చిన మాటలు, భూమి నుంచి పిలుస్తున్నాను, ఎవరైనా ఉన్నారా అని. రెండుసార్లు బాగానే అప్పజెప్పింది. మూడోసారి కెమెరా తిరుగుతుంటే అట్టముక్క రేడియోని చెవికి ఆనించుకుని, నా మాటలన్నీ పక్కన పెట్టేసి, "చెల్లీ, వినపడతందా? ఇక్కడింకా నీళ్లున్నాయే. ఓసారి రాయే" అంది. డైరెక్టరు కళ్లు తుడుచుకున్నాడు. ఆ మాట అలాగే ఉంచారు. ఆఫీసులో అందరూ ఆ మాట ఎంత బాగా రాశావని మెచ్చుకుంటే, నాది కాదని నేను అనలేదు. చివర్లో నా పేరు పడింది, పెద్దమ్మ పేరు ఎవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

ఆ తరవాతి ఆదివారం పెద్దమ్మ తలంటుకుని, మంచి చీర కట్టుకుని, పక్కింటివాళ్ల టీవీ ముందు ఊరి ఆడవాళ్లందరితో కూర్చుందట. సీరియల్ అయిపోయాక వాళ్ల ఫోనులోంచే అడిగింది, నేను రాలేదేంటమ్మా అని. వచ్చే వారమేమో పెద్దమ్మా అన్నాను. మళ్లీ వారం కూడా అదే చెప్పాను. ఆరేడు వారాలు ఆవిడ ఫోను చేస్తూనే ఉంది. ఊళ్లో ఎవరో, ముసలమ్మకి టీవీ పిచ్చి పట్టిందని నవ్వారని కూడా, నన్నేమీ అనకుండానే, ఓ మాటలో మాటగా చెప్పింది. తరవాత ఫోన్లు ఆగిపోయాయి. నాకు నిజంగా కలిగింది బాధ కాదు, హమ్మయ్య అనిపించింది.

అమ్మకైనా చూపించి ఉండొచ్చు. గూడెంలో ఇంటర్నెట్ సెంటరు మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉండేది. కానీ అమ్మ అది చూస్తే అక్క దగ్గరికి వెళ్తుంది, అప్పుడు అది టీవీలో ఎన్నడూ రాలేదని పెద్దమ్మకి తెలిసిపోతుంది. నా పరువు కాపాడుకోవడానికి రెండేళ్లపాటు ఆ పిలుపుని నా దగ్గరే ఆపేశాను.

చివరికి సీరియల్ అయిపోయి, ఛానలు ఆ వెబ్‌సైటు కూడా మూసేస్తుంటే, మా ఎడిటరు నేను రాసిన వీడియోలన్నీ ఒక సీడీలో వేసి ఇచ్చాడు. సెలవుకి గూడెం వచ్చినప్పుడు, అమ్మ పడుకుందనుకుని ఒక మధ్యాహ్నం లాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. గొంతు వినబడి అమ్మ లేచొచ్చి నా వెనక నిలబడింది. మళ్లీ పెట్టమంది. మూడోసారి కూడా చూశాక, జరిగిందంతా చెప్పాను.

"రెండేళ్లా?" అంది అమ్మ. మర్నాడు మొదటి బస్సుకే బయల్దేరదీసింది.

మేం వెళ్లేసరికి పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చేపలు బాగుచేస్తోంది. చూపు బాగా తగ్గిందట, అమ్మ దగ్గరికొచ్చి అక్కా అంటే గానీ పోల్చుకోలేదు. చేతులు కడుక్కోవాలని కూడా తోచక, ఆ చేతులతోనే అమ్మని పట్టేసుకుంది. ఇద్దరూ ఏడ్చారు. ఇరుగుపొరుగు చేరారు. కాసేపటికి తేరుకుని పెద్దమ్మ అడిగింది.

"టీవీలో వచ్చానా? చూశావా?"

నేను నోరు తెరిచాను. ఈలోపే అమ్మ అంది, "వచ్చావక్కా. నేను చూశాను. నువ్వు పిలిచావుగా, వచ్చాను."

పెద్దమ్మ చుట్టూ ఉన్నవాళ్లకేసి తిరిగి, "చెప్పానా! నవ్వారుగా అందరూ!" అంది. అంత సంతోషం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. తలెత్తుకోలేక అరుగు కింద చేపపొలుసులు చూస్తూ నిలబడ్డాను. తిరుగు బస్సులో అమ్మ నా పక్కన కాకుండా వేరే సీటులో కూర్చుంది. గూడెంలో దిగాక, "నా చేత కూడా అబద్ధమాడించావు" అంది. నాకు తెలిసి మా అమ్మ ఆడిన అబద్ధం అదొక్కటే.

ఆ తరవాత అక్కచెల్లెళ్లు నాలుగైదేళ్లు ఒకరింటికొకరు వెళ్తూ వస్తూ ఉన్నారు, ఇప్పుడిద్దరూ లేరు. నిజం పెద్దమ్మకి నేను చివరిదాకా చెప్పలేదు. ఇవాళ ఆ లంకల్లో ఏ ఇంట్లో చూసినా ఫోనుంది, తీసినదాన్ని తీసిన చోటే చూసుకుంటున్నారు, ఏది టీవీయో ఏది నెట్టో అడిగేవాళ్లు లేరు, నా అబద్ధంలాంటిది గంటసేపు కూడా నిలవదు. అది మంచిదే. కానీ ఇంటిపిల్ల చెప్పిన ఒక్క మాట పట్టుకుని, తలంటుకుని, మంచి చీర కట్టుకుని, వారం వెంట వారం పక్కింటి టీవీ ముందు కూర్చునే మనుషులు కూడా ఇప్పుడు లేరు. అంత నమ్మకం నా మీద మళ్లీ ఎవరూ పెట్టలేదు. పెట్టకపోవడమే మంచిదయిందనుకుంటాను.