పేపరు చుట్టని గాజు

మా వీధికి చెత్త బండి తోసుకొచ్చే అక్క పోయింది. నాలుగు రోజులు బండి రాలేదు. సోమవారం మధ్యాహ్నం ఆమె కోడలు మా గేటు దగ్గర నిలబడి, ధనుర్వాతమని చెప్పింది. దవడలు బిగుసుకుపోయి చివరి రెండు రోజులూ గొంతులో నీళ్ళు కూడా దిగలేదట. గాయం ఏ వేలికని అడగబోయి ఆగిపోయాను. ఏ వేలో నాకు తెలుసు.

నేను పావడా కట్టే రోజుల నుంచీ తిరుపతిలో మా వీధి ఆమెదే. ప్రతి గేటు ముందూ గోనెపట్ట పరిచి, ఆ ఇంటి చెత్త గుమ్మరించి చేత్తో ఏరేది. ఎంగిలి విస్తరాకులు, తొక్కలు, వాడిన పూలు గంపలోకి. అది ఊరి బయట రైతుల ఎరువు గుంతకు. కాగితాలు, డబ్బాలు, సీసాలు గోతంలోకి. అది పాత సామాన్ల అంగడికి. ముక్కు మూసుకున్న నన్ను చూసి నవ్వేది. "నిన్న మీరు తిన్నిందే గదా పాపా. తెల్లారేసరికి పగయిపోయిందా?"

డిగ్రీ అయ్యాక మునిసిపల్ ఆఫీసులో తాత్కాలిక గుమాస్తాగా చేరాను. ఈమధ్య హైదరాబాదు నుంచి ఒక కాగితం వచ్చింది. చెత్తను వేరు చేసి తిరిగి వాడుకోవడానికి రాష్ట్రమంతటికీ ఒక పద్ధతి పెడతారట, ప్రతి పట్టణమూ సూచనలు పంపాలట. రాసే పని నా మీద పడింది. నాకేం తెలుసు? అక్కనే అడిగాను.

"కుళ్ళేదాన్ని మన్నులో ఏసేయండి. కుళ్ళందాన్ని అక్కరున్నోళ్ళకి ఇయ్యండి. ఇంగ చెత్త యాడుండాది?" అంది. ఇంటింటా రెండు గంపలు పెట్టాలంది. పగిలిన గాజును పేపరులో చుట్టి, దారం కట్టి విడిగా ఇవ్వాలంది. దారం కనపడితే చెయ్యి జాగ్రత్త పడుతుందట. అన్నీ గుండ్రటి అక్షరాలతో రాశాను. మూడో సూచన గాజు గురించే.

ఆ వారమే, ఆఫీసుకు బయలుదేరబోతూ తుడుస్తున్న లాంతరు చిమ్నీ పగలగొట్టాను. బస్సుకు టైమైపోతోంది. దారం వెతికే ఓపిక లేక పెంకులన్నీ చెత్తబుట్టలోకి ఊడ్చేశాను. వాటిపైన అమ్మ బెండకాయ తొడిమలు వేసింది.

మరునాడు అక్క బొటనవేలికి గుడ్డపీలిక ఉంది. ఏమైందని అడిగాను.

"గాజు పెంకు. ఎవురో తొందర్లో ఏసేసినారు."

ఎవరింట్లో అన్నాను.

"పెంకుకి ఇంటి పేరుంటాదా పాపా? పసుపు అద్దినాన్లే."

సూది వేయించుకో అక్కా, అనాల్సింది. ఆ మాట అంటే పెంకు మాదని ఒప్పుకున్నట్టవుతుందని భయపడ్డాను. ఆ భయమే ఇప్పుడు వేరే రూపంలో నాతో ఉంది. అన్నం ముద్ద మింగేటప్పుడు నా దవడలే బిగుస్తున్నట్టుంటుంది.

సూచనల కాగితం నిన్న హైదరాబాదుకు వెళ్ళింది. చెప్పిన మనిషి ఎవరో కింద రాశాను. ఎలా పోయిందో రాయలేకపోయాను. ఆమె ఇంట్లోవాళ్ళకూ ఇంకా చెప్పలేదు. ముందు మీకు చెబుతున్నాను.

ఇప్పుడు బండి కోడలు తెస్తోంది. మొదటిరోజు మా గేటు ముందు గోనెపట్ట పరిచి, చెత్త గుమ్మరించి, కాసేపు ఊరికే చూస్తూ కూర్చుంది. ఎందుకని అడిగాను.

"ఈ ఇంటికాడ సెయ్యి నిదానంగా పెట్టమని మా అత్త సెప్పింది."

అని, తొక్కల కిందికి ఒక్కొక్క వేలే పోనిచ్చింది. ఆ వేళ్ళు మళ్ళీ బయటికొచ్చేదాకా నేను గేటు కమ్మీ వదల్లేదు.