ఒంటి దుంగ మీద కొల్లేటి ప్రయాణం

కొల్లేటిలో ఎవరు ఎక్కడ చేపలు పట్టాలో నీటి వంతులు వేస్తున్నారన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చింది సూరమ్మ. ఏలూరు వైపు నుంచి రైల్లో వచ్చి తాడేపల్లిగూడెం వీధుల్లో చేపలమ్మే మనిషి. పోయిన చలికాలం నేను జ్వరపడి లేచినప్పుడు, కుండలో నీళ్ళు పోసి బతికున్న కొర్రమీనును తెచ్చిచ్చేది. ఆ పథ్యంతోనే నా కాళ్ళలోకి బలం వచ్చింది. భగవంతుడి దయ ఏ చేతుల మీదుగా నాకు అందిందో ఒకసారి చూసిరావాలని అప్పుడే అనుకున్నాను. ఆ చేపలు పట్టింది సూరమ్మ చెల్లెలి కూతురు నీలమ్మ.

"శనివారం వంతులేస్తారండీ. మా నీలమ్మకి ఈ ఏడు చోటివ్వరంట," అంది సూరమ్మ గంప దించకుండానే. "మొగుడు పోయాడు. జంటలో ఒక దుంగ మరిది పట్టుకుపోయాడు. దోనె లేనోళ్ళకి వంతు లేదండీ. వంతు లేకపోతే అదేం తిని బతుకుద్ది?"

కొల్లేటి వాళ్ళు దోనె అనేది తొలిచిన తాటిదుంగలు రెండు పక్కపక్కన కట్టినదాన్ని. విడి దుంగను దోనె అనరు. సూరమ్మ ఈ సంగతి చెప్పింది గాని నా బుర్రకెక్కలేదు.

మా వారు కాదనలేదు. "వెళ్ళిరా. కొల్లేరంతా తాగెయ్యకు, మాకూ కాస్త ఉంచు," అన్నారు.

శనివారం ఉదయం ఆరున్నర బండికి నేనూ సూరమ్మా ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కాం. మూడో తరగతి టిక్కెట్టు. దారిలో తినడానికి పులిహోర, ఒక మరచెంబుతో మంచినీళ్ళు. పూళ్ళ స్టేషను దాటాక ఎదురు బల్ల మీది సాయిబుల ఇల్లాలు పలకరించింది. ఏలూరులో వాళ్ళింట్లో తివాచీలు నేస్తారట. నేను వెళ్ళే పని విని నోటికి కొంగడ్డం పెట్టుకుంది.

"చేపను చూట్టానికి ఎవరైనా టిక్కెట్టు కొంటారాండీ? అదే మన వీధికొస్తుంది కదా!"

"చేపను కాదండీ, పట్టిన మనిషిని," అన్నాను.

ఆవిడ నవ్వు ఆపి, "అయితే నా సలాములు కూడా చెప్పండి," అంది.

ఎనిమిదిన్నరకు ఏలూరులో దిగి గూడుబండి మాట్లాడుకున్నాం. నా వెనుక వెళ్ళేవారు గొడుగు మరిచిపోవద్దు. ఊరు దాటాక నీడ లేదు. పన్నెండు దాటాక నీటి అంచుకు చేరాం. ఎటు చూసినా తుంగ, దాని మీద కొంగలు. గాలికి నీళ్ళ వాసన, బురద వాసన కలిసి వచ్చాయి. తెలియకుండానే చేతులు జోడించాను.

సూరమ్మ జంట దోనె మాట్లాడడానికి అటు వెళ్ళింది. ఇటు ఒక నల్లని పొడుగాటి అమ్మాయి దుంగలో గెడ పట్టుకుని నిలబడి ఉంది. మాకోసమే అనుకుని నేను మూటతో సహా ఎక్కి కూర్చున్నాను.

"అయ్యో, ఇది మా పెద్దమ్మ గంప కోసం తెచ్చానండమ్మా!" అంది ఆమె. నేను లేవబోయాను. "లేవకండి, తిరగబడుద్ది! కూకోండి. ఇంక ఎటూ కదలకండి."

ఆమే నీలమ్మ. దుంగ నా నడుముకు సరిగ్గా సరిపోయింది. దారి పొడుగునా రామనామం తప్ప నాకింకేమీ గుర్తు లేదు. ఆమె మాత్రం, "పెద్దింట్లమ్మ తల్లి చల్లగా చూస్తదండి," అంటూ వీధిలో నడిచినంత తేలిగ్గా గెడ వేసింది.

వాళ్ళ లంక ఒడ్డున పాకలో వంతుల కోసం మగవాళ్ళంతా చేరి ఉన్నారు. ఊరి పెద్ద పేరయ్య లేచి వచ్చి, "ఏ దోనె మీద వచ్చారమ్మగారూ?" అని మర్యాదగా అడిగాడు.

"ఆ దోనె మీదేనండి," అని చూపించాను.

అందరూ ఘొల్లుమన్నారు. నీలమ్మ మరిది సోమన్న, "అది దోనెట్టా అవుద్దండీ? సగం!" అన్నాడు.

"నాకు తెలియదండి. కానీ తడవకుండా వచ్చాను," అన్నాను, సిగ్గుపడుతూ.

పేరయ్య నవ్వలేదు. నా చీర అంచు వైపు చూశాడు, దుంగ వైపు చూశాడు.

ఆ నియమం ఎందుకో తర్వాత ఆయనే నాకు చెప్పాడు. వాళ్ళు చేపల కోసం నీళ్ళలో పెట్టే మావు అంటే వెదురు బద్దల బుట్ట. చేప లోపలికి వెళుతుంది, బయటికి రాలేదు. దాన్ని రోజూ తెల్లవారి ఎత్తాలి. ఎత్తకపోతే చేపలు అందులోనే చచ్చి చుట్టూ నీరు పాడవుతుంది. అందుకని దోనె ఉన్నవాళ్ళకే చోటు. పగతో పెట్టింది కాదు.

"ఎండలో ఎవరైనా తోలతారు. గాలి లేస్తేనో?" అన్నాడు సోమన్న.

"గాలి లేస్తే నీ జంట దోనె మాత్రం ఒడ్డునే కదా మరిదీ, నీతోపాటు దుప్పట్లో!" అంది నీలమ్మ.

మళ్ళీ నవ్వులు. ఈసారి సోమన్న తల దించుకున్నాడు.

"మావెత్తి చూపించు," అన్నాడు పేరయ్య.

నీలమ్మ దగ్గరలో ఉన్న మావు దగ్గరకు వెళ్ళి, దుంగలో నిలబడే రెండు చేతులా పైకి లాగింది. దుంగ ఒరిగింది. సూరమ్మ అప్పుడే దోనె దిగి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దుంగ మళ్ళీ నిలబడింది. నీలమ్మ పెద్ద చేపలు రెండు తీసుకుని, వేలెడు పిల్లలన్నిటినీ తిరిగి నీటిలో వదిలింది. గుడ్లతో ఉబ్బిన ఒకదాన్ని పొట్ట తడిమి చూసి అదీ వదిలేసింది. ఎవరూ చెప్పకుండానే.

పేరయ్య నీలమ్మ పేరున కూడా ఒక పుల్లకు గాటు పెట్టి కుండలో వేశాడు. దోనెకొక పుల్ల. పుల్లలు ఊళ్ళో చుట్టరికం లేనివాళ్ళు తియ్యాలట. ఈ ఏడు ఆ పని నాకు అప్పగించారు. కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే తీశాను; తీసిన వరసలోనే చోట్లు. నీలమ్మకు చోటు లంకకు దూరంగా, తుంగ మొదట్లో వచ్చింది. మంచి చోటు కాదు.

"చాలండమ్మా," అంది. "నీళ్ళేగా. అక్కడా చేపలుంటాయి."

ఆ రాత్రి ఆమె పాకలోనే పడుకున్నాను. పొద్దున్నే జంట దోనె మీద ఒడ్డుకు, అక్కడి నుంచి బండిలో ఏలూరుకు, సాయంత్రం బండికి మా ఊరికి చేరాను. రైల్లో కూర్చుంటే తృప్తిగా అనిపించింది. తమకు ఎంత కావాలో, నీటికి ఎంత వదలాలో ఆ లంక వాళ్ళకు తెలుసు. తెలియక నేనన్న ఒక్క మాటను కూడా వాళ్ళు పారెయ్యలేదు. అలాంటి చోటు చూపించినందుకు భగవంతుడికి నమస్కారం.

ఇది చదివే అమ్మలకు ఒక మనవి. ఇంక కొత్తనీళ్ళు వస్తాయి, గాలులు లేస్తాయి. మీరు దీపం పెట్టేవేళ, ఒంటి దుంగ మీద తుంగ మొదటికి వెళ్ళే నీలమ్మను ఒక్కసారి తలుచుకోండి.