చెయ్యని తప్పుకు సంతకం

అయిజలో మా పక్కింటి మోటార్ల మేస్త్రి ఈమధ్య గుండె ఆగి పోయాడు. గుండెను తప్పుపట్టను. అంతకు ముందే ఆయన చేతులను ఆపినవాళ్లున్నారు. నా కోపం వాళ్ల మీద.

ఆయన సిమ్ము పెట్టిన స్టార్టరు డబ్బాలు చేసేవాడు. రైతు ఇంట్లోంచి ఫోన్ చేస్తే చేనులో బోరు మోటారు తిరిగేది. రాత్రిపూట మోటారు వేయడానికి చేనుకు పోయిన బావమరిది పాముకాటుకు పోయాక మొదలుపెట్టిన పని అది. పక్కన కూర్చుని భార్య తీగలు బిగించేది. అడిగినవాడికల్లా విప్పి చూపేవాడు.

“గిట్ల ఇప్పి చూపిస్తే నీ గిరాకీ పోదారా?” అన్నానొకసారి.

“పోనీ కాకా, పాములకు గిరాకీ తగ్గుతది గద.”

చాలా ఏళ్లకు ఎక్కడో ఒక కంపెనీ ఆ పద్ధతి తనదని పేటెంటు తీసుకుంది. అది ఒక్క డబ్బా చేయలేదు, ఒక్క మడి తడపలేదు. చేసేవాళ్ల దగ్గర లైసెన్సు రుసుము గుంజడం, ఇవ్వనివాళ్లను కోర్టుకీడ్వడం, అదే దాని సేద్యం. సంతలో తైబజారు వసూలు చేసేవాడే నయం, సాయంత్రానికి చెత్తయినా ఊడిపిస్తాడు.

కంపెనీ వకీలు వస్తే మేస్త్రి చాయ్ పోశాడు. మా వైపు ఎవరైనా తగువుకొస్తే, తప్పున్నా లేకున్నా “తప్పైంది, ఇడిసిపెట్టుండ్రి” అంటాం. ఎదుటివాడు “సరేలే” అంటాడు. తగువు తెగుతుంది. అది మర్యాద, ఒప్పుకోలు కాదు. మేస్త్రి అదే మాటన్నాడు. వకీలు దాన్నే కాగితం మీద పెట్టించాడు: మీ పద్ధతి కాపీ కొట్టాను, ఇక చేయను, బాగుచేయను.

నేనప్పుడు తెలకపల్లి పెళ్లిలో పప్పుకు పులుపెక్కువైందని వాదిస్తున్నాను. తిరిగొచ్చి ఆ కాగితం చూస్తే ఒళ్లు మండింది. బడికి పోయింది తక్కువే గాని, చట్టం పుస్తకాలు తిరగేసినవాణ్ణి.

“వాళ్లు దరఖాస్తు పెట్టకముందే జనం వాడుతుంటే పేటెంటు నిలవదురా. ఊరంతా సాక్ష్యమే గద. ఎందుకు సంతకం పెట్టినవ్?”

“తప్పైందంటే అయిపోతదనుకున్న కాకా. ఆయన గూడ నవ్విండు.”

కాగితం పట్టుకుని గద్వాలలో ఇంకో వకీలు దగ్గరికి పోతే, ఒప్పుకుని సంతకం పెట్టాక కేసు నిలవదని తల అడ్డంగా ఊపాడు. హోటల్ కాడ ‘కాపీ మేస్త్రి’ అని పేరు పడింది. అప్పట్నుంచి ఫ్యాన్లు మాత్రమే ముట్టాడు.

ఆయన పోయిన వారానికి అమరచింత రైతొకడు కాలిన స్టార్టరు సంచిలో వేసుకొచ్చాడు. పోయిన సంగతి తెలియదు. మేస్త్రి భార్య చెప్పింది. అతను సంచి తీసుకుని లేవబోయాడు.

“ఉండన్నా, ఇటు తే.”

“రాసిచ్చిండంట గదమ్మా, ముట్టనని?”

“ఆయన రాసిచ్చిండు. నేను రాసియ్యలె.”

డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత విప్పింది. కాలిన తీగను వేలికి చుట్టుకుంటూ మెల్లగా బయటికి లాగుతోంది.