నాన్న గుప్పిట్లో పోయిన సెమీ ఫైనల్

మా చిన్నతనంలో, ఇక్కడే అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో, శనివారం తెల్లారిందంటే చాలు... నాన్న ఒక అట్టపెట్టె చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడేవారు. "అమ్మలూ, త్వరగా రావే, మంచి టేబుల్ పోతుంది!" అని ఒకటే కంగారు. స్కూలుకి లేటైనప్పుడు మాత్రం ఈ కంగారు ఎక్కడికి పోయేదో!

ఆ పెట్టెలో ఉండేది బేస్‌బాల్. నవ్వకండి... బంతీ బ్యాటూ లేని బేస్‌బాల్. ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు, దాని నిండా వరుసల్లో అంకెలు. నిజం ఆటలో వాళ్ళు ఎలా ఆడారో లెక్కగట్టి అచ్చేసినవి. ఒక తెల్ల పాచిక, రెండు ఎర్ర పాచికలు వేయాలి. తెల్లది ఏ వరుసో చెబుతుంది, ఎర్రవి రెండూ కూడితే ఆ వరుసలో ఎక్కడ చూడాలో తెలుస్తుంది. అక్కడ ఏది రాసి ఉంటే అదే... అవుటో, హిట్టో, మన సిక్సర్ లాంటి హోమ్ రనో.

నాన్నకి ఈ పిచ్చి ఆఫీసులో ఎవరో అంటించారు. "క్రికెట్ లేని ఊళ్ళో ఇదైనా లేకపోతే ఎలా?" అనేవారు. "బయట గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది, అది కొయ్యడానికి టైం లేదు గానీ పాచికలకి మాత్రం ఉంది" అని అమ్మ సణుగుడు. పట్టించుకునేదెవరు!

పక్క ఊరి లైబ్రరీ కింద హాల్లో టోర్నమెంట్. ఎదురెదురుగా కూర్చున్న పెద్దమనుషులు... వాళ్ళ కార్డులు ప్లాస్టిక్ కవర్లలో తళతళలాడుతుండేవి, మావి రబ్బరు బ్యాండు వేసి ఉండేవి. పాచికలు వేయడం నాన్న పని, కార్డు చదవడం నా పని. హాలు మొత్తానికి చిన్నపిల్లని నేనొక్కదాన్నే. ఫైనల్ ఆడేవాళ్ళని మధ్య టేబుల్ దగ్గర కూర్చోబెట్టేవాళ్ళు, చుట్టూ అందరూ నిలబడి చూసేవాళ్ళు. ఒక్కసారి... ఒక్కసారైనా ఆ టేబుల్ దగ్గర నాన్నా నేనూ కూర్చోవాలని నా ప్రాణం కొట్టుకునేది.

అక్కడ ఒకటే రూలు. పడిన పాచికల్ని ఇద్దరూ చూసి, పైకి చదివేదాకా ఎవరూ చెయ్యి వేయకూడదు. వేస్తే అప్పుడు పడింది చెల్లదు, పాచికలు మళ్ళీ వేయాల్సిందే. చాలా తేలికైన రూలు కదా... మా నాన్నకి తప్ప!

ఆయనది అష్టాచెమ్మా ఆడి పెరిగిన చెయ్యి మరి. గవ్వలు ఇంకా నేలమీద సరిగ్గా ఆగకుండానే "అష్టా!" అని అరవడం, గబుక్కున గుప్పిట్లోకి లాగేసుకోవడం, మళ్ళీ వేసేయడం... మా మేనత్తలందరూ అంతే. వాళ్ళ ఇంట్లో అదే ఆట అట. ఇక్కడ చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయేది. "టచ్ చెయ్యొద్దు నాన్నా! ఆయన్ని చూడనీ!" అని టేబుల్ కింద నుంచి కాలు కూడా తొక్కేదాన్ని.

ఒక ఏడాది సెమీ ఫైనల్ దాకా వచ్చాం. ఎదురుగా వాల్టర్ అనే పెద్దాయన. చివరి ఇన్నింగ్స్, మాకు ఒక్క పరుగు తక్కువ, మావాడొకడు పరుగు సగంలో బేస్ మీద ఆగి ఉన్నాడు, ఇంకో అవుట్ అయితే ఇంటికే. హోమ్ రన్ వస్తే వాడితో కలిపి రెండు పరుగులు, ఫైనల్. కార్డు మీద వేలు పెట్టి నేను ముందే చూసుకున్నాను... మూడో వరుసలో, ఏడు దగ్గర, హోమ్ రన్!

వాల్టర్ కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. నాన్న పాచికలు విసిరారు. తెల్లది మూడు... నేను చూశాను. ఎర్రవాటి వైపు కళ్ళు తిప్పేలోపు "వచ్చేసింది!" అని గావుకేక. ఇంకేముంది... మూడు పాచికలూ గుప్పిట్లో ఉన్నాయి.

నాకు ఏడుపొక్కటే తక్కువ.

"నాలుగూ, మూడూ! ఏడు! నా కళ్ళతో చూశాను" అంటూ నాన్న అందరికీ వేళ్ళు చూపిస్తున్నారు. వాల్టర్ మంచాయన. గొడవ పడలేదు. నా వైపు తిరిగి, "నేను చూడలేదమ్మా. నువ్వు చూశానంటే చాలు, ఒప్పుకుంటాను" అన్నారు ఇంగ్లీషులో.

హాలంతా నన్నే చూస్తోంది. నాన్న నవ్వుతున్నారు... నేను చెప్పేస్తాననే ధీమాతో. ఒక్క మాట అంటే ఫైనల్!

"తెల్లదే చూశాను. ఎర్రవి చూడలేదు" అన్నాను.

మళ్ళీ వేయించారు. అవుట్.

కారెక్కగానే మొదలు.

"చూశానంటే ఏం పోయేదే?"

"చూడలేదు నాన్నా!"

"నేను చూశానుగా!"

"చూస్తే చెయ్యెందుకు పెట్టావు మరి!"

ఇంటికొచ్చాక ఏమైందని అమ్మ అడిగితే, "గెలిచాం, కానీ అమ్మలు చూడలేదు" అన్నారు. చెప్పులు విసిరేసి నా గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

ఇప్పుడు ఆ హాల్లో టోర్నమెంట్లు లేవు. ఆట మొత్తం కంప్యూటర్లోకి వచ్చేసింది. పాచికలు అదే వేస్తుంది, అంకెలు తెర మీద అలాగే ఉంటాయి, ఎవరూ లాక్కోలేరు. కళ్ళజోడు తుడుచుకుంటూ "నువ్వు చూశానంటే చాలు" అనే మనిషి అవసరమే లేదు. ఎవరి మాటా ఎవరూ నమ్మక్కర్లేదు.

నాన్న మాత్రం మొన్న ఆదివారం కూడా, భోజనాల దగ్గర, మా పిల్లలకి వేళ్ళు చూపిస్తూ "నాలుగూ, మూడూ" అని మొదలుపెట్టారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఎన్నిసార్లు వినాలండీ!

మీ ఇళ్ళల్లోనూ ఇలా ఇప్పటికీ తేలని ఆట ఏదైనా ఉందా? ఉంటే రాయండి, కనీసం నా ఒక్కదానికే కాదన్న తృప్తి అయినా మిగులుతుంది.

ఆయన అబద్ధం ఆడే మనిషి కాదని నాకు తెలుసు. అది ఏడేనని నమ్మాలని ఇన్నేళ్ళుగా నాకూ ఉంది... కానీ నేను చూడలేదు కదా నాన్నా!