స్తంభం మోత

అమెరికాలోని ఒహాయోలో, కరెంటుతో నడిచే ట్రాలీ బండ్ల దారి వెంట నిలబడ్డ ముప్పై ఏళ్లనాటి కరెంటు స్తంభాలన్నీ చెక్కవే. ఎల్వుడ్ ప్రూయిట్ వాటిని ఒక్కొక్కటిగా సుత్తితో కొట్టి చూసేవాడు. మోకాలి ఎత్తున ఒక దెబ్బ, భుజం ఎత్తున ఇంకొకటి కొట్టి, టోపీ తీసి చెవి ఆనించేవాడు. గట్టి కర్ర ఠంగుమంటుంది, లోపల పుచ్చినది డొల్లగా మోగుతుంది. అతను తలూపాకే తోటి పనివాడు క్లెమ్ నడుముకు తోలుపట్టీ బిగించుకుని, కరెంటు తీగల్ని పట్టి ఉంచే గాజు ఇన్సులేటర్లు పగిలితే మార్చడానికి పైకెక్కేవాడు. నిజానికి రెండేళ్లుగా ఎల్వుడ్‌కి ఆ మోతల తేడా తెలియడం లేదు. చెబితే పని పోతుందని ఎవరికీ చెప్పలేదు.

మార్చి నెలలో ఒక స్తంభం క్లెమ్‌తో సహా మొదలంటా విరిగి పడింది. ట్రాలీ కంపెనీవాళ్లు తప్పంతా వానల మీదకి నెట్టేశారు. క్లెమ్‌ని పూడ్చిన మర్నాడు ఎల్వుడ్ వాళ్లింటికి వెళ్లాడు. క్లెమ్ భార్య ఇర్మా కాఫీ ఇచ్చి, "వానలకి నానిపోయిందంటగా. నువ్వు మాత్రం ఏం చేస్తావులే," అంది. అతను ఆమె పెదాలు చూసి మాట పోల్చుకున్నాడు. కప్పు పక్కన పెట్టేశాడు.

"ఇర్మా, నాకు చెవుడు. ఆ స్తంభం ఎలా మోగిందో నాకు తెలీదు."

ఆమె లేచి వచ్చి, అతని చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"మరి ఎక్కమని ఎందుకు తలూపావు?"

ఎల్వుడ్‌కి ప్రతి అక్షరమూ వినబడింది.